గీత కాదు, సున్నా

పొద్దుగాల ఎనిమిదింటికి వాగులకు దిగుత.
వంతెన మూడో దిమ్మెకు కొట్టిన తెల్ల పలక,
దాని మీద నల్ల అంకెలు,
నీళ్లు తాకిన కాడ నా కన్ను.
సున్నా పాయింట్ మూడు ఆరు.
రిజిస్టర్ల రాసి
తడి వేలు కొంగుకు తుడుచుకుంట.

నెలకు రెండుసార్లు సీసాలు.
లోపల ఏముందో చూసేటందుకు
గుట్ట మీద కంపెనీ తొలిచిన బోర్లకు
ఎగువన ఒకటి, దిగువన ఒకటి.
సీసాను వాగునీళ్లతోనే మూడుసార్లు తొలవాలె,
పారేదానికి ఎదురుగ మూతి పెట్టి ముంచాలె,
ఒక్క బుడగ మిగలకుంట బిగియ్యాలె,
ఐసు డబ్బాల పెట్టి దేవరకొండ బస్సుకు అందియ్యాలె.
కండక్టర్ మైసయ్య ప్రతిసారి అదే మాట:
"ఏంది కేస్లీ, నాటుసారానా?"
రిజల్టు మాత్రం మల్ల ఈ తొవ్వ పట్టి రాదు.
నిండు సీసాలు పోతయి, ఖాళీ సీసాలు వస్తయి.

నాకంటె ముందు ఈ కొలువు జాన్యాది.
ఆయన రాసిన పాత రిజిస్టరు ఒకనాడు తిరగేసిన.
వానలు మొఖం చాటేసిన ఆ రెండేండ్లు,
వాగు నడుమ ఇసుక ట్రాక్టర్లు తిరిగిన ఆ రెండేండ్లు,
కాయితం మీద మాత్రం
సున్నా పాయింట్ నాలుగు,
సున్నా పాయింట్ నాలుగు రెండు.
ఇంట్ల నులక మంచం మీద కూసోని
వాగును పారిచ్చిండు మహానుభావుడు.
తప్పే.
అయినా చానసేపు నాకు కోపం రాలె.
మా తండాకు ఎవరన్న ఒక్కసారన్న
అన్ని నీళ్లు రాసిండ్రా?

సారు నేర్పిన మొదటి పాఠం:
"నీళ్లు లేకుంటె సున్నా పెట్టు.
నువ్వు పోకుంటె గీత పెట్టు.
రెండూ ఒకటి కావు."

మా నాయిన, బా అంటం మేము,
కొత్తగూడెం గనిల ఇరవై ఆరేండ్లు పంపు ఖలాసీ.
భూమి లోపల నీళ్లంటె ఆయనకు పగోడు.
ఊరుతనే ఉంటది, తోడుతనే ఉండాలె,
నిద్రల గూడ పంపు ఆగితె
ఉలిక్కిపడి లేస్తడు ఇప్పటికీ.
"తోడిన నీళ్లు యాడికి పోయేటివి బా?"
"పైకి."
"పైకి పోయినంక?"
బీడీ ఆరిపోయేదాక పలుకలె.
సెలవుకు వస్తుంటె ఒకసారి బస్సు కిటికీలకెల్లి చూసిండట,
తుప్పు రంగు కాలువ, ఒడ్డుకు గడ్డి పోస లేదట.
"మాదేనేమో" అన్నడు.
మల్ల ఎన్నడు ఆ ముచ్చట తియ్యలె.
పొద్దుమూకినంక మాత్రం రోజూ అడుగుతడు,
అంగట్ల ధర అడిగినట్టు:
"ఇయ్యాల ఎంత?"

శ్రావణంల జరమొచ్చి మూడు దినాలు లేవలె.
మూడు గీతలు అనుకున్న.
లేచి రిజిస్టరు తెరిస్తె మూడు అంకెలు.
వంకర రాత, గని అలవాటు పోలె:
టైము, షిఫ్టు, సంతకం.
నాలుగడుగులకు ఎగపోసే మనిషి
ఆ ఒర్రె ఎట్ల దిగిండో,
దిగినోడు ఎట్ల ఎక్కిండో.
విశేషాల గడిల
మొదటి దినం: పంపు బంద్.
రెండో దినం: పంపు బంద్.
మూడో దినం: నీళ్లను పోనిచ్చిన.

సారు ఫోన్ చేసిండు.
"ఇదేంది, ఏం పంపు?"
"కొట్టెయ్యాల్నా సార్?"
అవుతల ఫ్యాను తిరిగే సప్పుడు.
"ఉండనీ."

ఇయ్యాల సున్నా పాయింట్ ఒకటి తొమ్మిది.
దిగుతున్నది.
దిగువ సీసాను ఎండకు ఎత్తి చూస్తె
నీళ్లు జర పసుపు.
ఎండ రంగో, నా కంటి రంగో.
గడి మీద పెన్ను పెట్టి ఆగిన.
జాన్యా యాదికొచ్చిండు,
కిటికీల కాలువ యాదికొచ్చింది.

పసుపు, అని రాసిన.
బస్సు హారన్ కొడుతున్నది.